హాస్టల్ నుంచి మాత్రమే

నవంబరు 11, 2024, సోమవారం, నల్లగొండ

ర్యాగింగ్ కేసు మా కాలేజీ కమిటీ ముందుకొచ్చింది. సెకండియర్ పిల్లలు ముగ్గురు ఒక ఫస్టియర్ వాడితో రికార్డులు రాయించుకుని, అర్ధరాత్రి దాటేదాకా గోడకు నిలబెట్టారట. చెంపదెబ్బ కూడా పడిందంటున్నాడు.

ప్రిన్సిపాల్ గారికి ఒకటే తొందర. "సాయంత్రానికి ఆర్డరు టైపు కావాలె మేడం, పేపర్ల పడితే నన్నే అడుగుతరు." ఆయన భయం ఉత్తిదేం కాదు. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం, ఫిర్యాదు వచ్చాక కదలని ప్రిన్సిపాల్ నేరానికి తోడ్పడినట్టే లెక్క. పైగా 2022 జనవరిలో సూర్యాపేట మెడికల్ కాలేజీ హాస్టల్లో జరిగిన ర్యాగింగ్‌ను ఈ జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. అక్కడ ఆరుగురు సీనియర్లను ఏడాదిపాటు సస్పెండ్ చేశారు.

సంజాయిషీలు తెప్పించి చూశాను. చేతిరాతలు వేరు, వాక్యాలు మాత్రం ఒకటే. 'పశ్చాత్తాపం'లో త వత్తు ముగ్గురికీ ఎగిరిపోయింది. ఎవరు చెప్పి రాయించారని అడిగితే క్లర్కు తల గోక్కున్నాడు. అసలు ఆరోపణ ఏమిటో కాగితం మీద పెట్టి ఆ పిల్లలకు ఇవ్వనే లేదు. ఇక దేనికి సంజాయిషీ!

నవంబరు 12

మెమో ఇచ్చి, జవాబుకు వారం గడువు పెట్టించాను. ప్రిన్సిపాల్ గారు ముఖం ముడుచుకున్నారు.

పాత తీర్పులు తిరగేశాను. పరీక్షలో అక్రమాలు చేశారని, వాళ్ల మాట వినకుండానే శిక్షించిన ఉత్తరప్రదేశ్ విద్యార్థుల కేసులో 1962లో సుప్రీంకోర్టు బోర్డునే తప్పుపట్టింది. 1973లో రాంచీ మెడికల్ కాలేజీ కేసు ఇంకో దారి. రాత్రిపూట ఆడపిల్లల హాస్టల్లో జొరబడ్డ కుర్రాళ్ల ఎదుట ఆ అమ్మాయిలను నిలబెట్టి అడ్డప్రశ్నలు వేయించనక్కర్లేదని చెప్పింది. ఈ రెంటినీ కలిపి చదువుకోవాలి. మా వాళ్లు రెండోది ఒక్కటే చదువుతారు.

నవంబరు 14

ముగ్గురిలో ఒకడి నాయన వచ్చాడు. చందంపేట వైపు తండా. రెండు బస్సులు మారి వచ్చాడు. పత్తి ఏరే రోజులు, కూలి పోయినట్టే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు జేసిండు మేడం. నాలుగు దెబ్బలెయ్యిన్రి, నేనేమన. హాస్టల్ల కెల్లి ఎల్లగొడితె మాత్రం వాడు మళ్ల సదువుకు రాడు."

ప్రిన్సిపాల్ గారి దృష్టిలో అదే చిన్న శిక్ష: క్లాసులకు రావచ్చు, హాస్టల్ ఒక్కటే ఉండదు. ఊళ్లో ఇల్లున్నవాడికి నిజంగానే చిన్నది. దేవరకొండ అవతలి నుంచి వచ్చినవాడికి అన్నం, మంచం, చదువు మూడూ అక్కడే. టౌన్లో రూము అద్దె ఎక్కడి నుంచి తెస్తాడు? హాజరు 75 శాతం దాటకపోతే స్కాలర్‌షిప్ కూడా పోయె.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2015లో వేసిందీ ఈ 'చిన్న' శిక్షే. ఐదుగురు దళిత రీసెర్చి విద్యార్థులను హాస్టల్ నుంచి, అడ్మినిస్ట్రేషన్ భవనం నుంచి దూరం పెట్టారు. క్లాసులు, లైబ్రరీ ఆపలేదు. వాళ్లు షాపింగ్ కాంప్లెక్సు దగ్గర టెంటు వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. నాలుగు రోజులకు సస్పెన్షన్ ఎత్తేశారు. ఆ పని ఆ నెల మొదట్లోనే చేసి ఉంటే అనుకోకుండా ఉండలేను. ఆ కేసూ ఈ కేసూ ఒకటి కాదు, ఇక్కడ చెంపదెబ్బ తిన్న పిల్లాడున్నాడు. శిక్ష పేరు మాత్రం ఒకటే.

నవంబరు 19

మెమోకు వచ్చిన జవాబులు ఈసారి మూడు రకాలు. ఒకడు ఒప్పుకున్నాడు, ఒకడు తాను నిద్రపోయానన్నాడు, తండా పిల్లాడు కొట్టింది తానేనని రాశాడు.

ఫస్టియర్ వాడితో విడిగా మాట్లాడాను. వాళ్లను ఏం చేయమంటావని అడిగితే చాలాసేపు నోరు విప్పలేదు. "ఎల్లగొట్టకున్రి మేడం, ఊళ్లె నా పేరే జెప్తరు. నేను తినేటప్పుడు మెస్సుల వాళ్లు ఉండొద్దు."

కమిటీలో గంటన్నర వాదన. ఒప్పుకున్న ఇద్దరికీ క్లాసుల నుంచి రెండు వారాలు సస్పెన్షన్, హాస్టల్లో వేరే బ్లాకు, మెస్సు రాత్రి ఎనిమిదిన్నర తర్వాత. నిద్రపోయానన్నవాడిని మళ్లీ పిలిచి విచారించాలి. ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టి, బ్లాకు మార్పు సంగతి వార్డెన్‌తో నన్నే మాట్లాడుకోమన్నారు.