దండం పెట్టినట్టు వచ్చే ఫిట్స్

మన్యంలో చంటిబిడ్డ ఉలిక్కిపడితే గాలి సోకిందంటాం, ముడుచుకుంటే కడుపునొప్పంటాం. చాలాసార్లు అంతే కూడా. కానీ ఐదారు నెలల బిడ్డ నిద్రలేచాక దండం పెడుతున్నట్టు తల వంచి, చేతులు చాచి ముందుకు ముడుచుకుని, కొన్ని క్షణాలాగి మళ్లీ అలాగే వరసగా చేస్తుంటే అది ఫిట్స్‌లో ఒక రకం. 1841లో వెస్ట్ అనే ఇంగ్లండు డాక్టరు తన కొడుక్కి ఇలా వస్తుంటే, వాడిన మందులేవీ పనిచేయలేదని లాన్సెట్ పత్రికకు ఉత్తరం రాశాడు. డాక్టరు బిడ్డకే ఆనాడు మందు లేదు. మన బిడ్డలకు ఇప్పుడుంది.

మేము కొండ దిగి విశాఖలో చదువుకున్నవాళ్లం, గాజువాక వైపు పనులు చేసుకునేవాళ్లం. ఊరినుంచి బిడ్డతో కేజీహెచ్‌కు వచ్చినవాళ్లకు ఓపీ చీటీ రాయించడం, డాక్టరు మాట తల్లికి అర్థమయ్యేలా చెప్పడం మా వంతు. ఒక బిడ్డకు అంతకుముందు వేరేచోట నెలన్నరపాటు కడుపునొప్పి చుక్కలే వేశారు. ఈలోగా వాడు నవ్వడం మానేశాడు. డాక్టరు ముందు ఊరికే పడుకున్నాడు. వాళ్ల చిన్నాన్న ఫోన్లో తీసిన వీడియో చూశాకే ఈఈజీ రాశారు. మందుతో ఫిట్స్ ఆగాయి. ఇప్పుడు కూర్చుంటున్నాడు, మాట ఇంకా రాలేదు. ఆ నెలన్నర మాకు గుర్తొస్తూనే ఉంటుంది. ఈ జబ్బులో మందు ఎంత తొందరగా పడితే బిడ్డ ఎదుగుదలకు అంత మేలు.

ముఖ్యమైన మందులు రెండు రకాలు. ఒకటి స్టెరాయిడ్. ఏసీటీహెచ్ సూదిమందు ఖరీదెక్కువ. ప్రెడ్నిసొలోన్ చవక, మన దేశంలో చాలామందికి అదే ఇస్తారు. సుమారు రెండు వారాలు పెద్ద మోతాదు, తర్వాత మెల్లగా తగ్గింపు. మందు వాడుతుంటే ఆకలి పెరిగి మొహం ఉబ్బుతుంది. బిడ్డ బొద్దుగా అయ్యాడని అమ్మమ్మలు సంబరపడి మందు ఆపించేస్తారు! ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు. జ్వరమొస్తే వెంటనే చూపించాలి, టీకా వేయించేముందు డాక్టర్ని అడగాలి. రెండోది విగాబాట్రిన్. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జబ్బువల్ల ఈ ఫిట్స్ వస్తే మొదట ఇచ్చేది ఇదే. ఆ పిల్లల ఒంటిమీద తరచుగా తెల్లమచ్చలుంటాయి. ఎక్కువకాలం వాడితే పక్కచూపు తగ్గొచ్చు గనుక కంటి పరీక్షలు చేయిస్తారు.

ఫిట్స్ తగ్గితే చాలదు, పూర్తిగా ఆగాలి. ఆగాయో లేదో మళ్లీ ఈఈజీ తీసి చూస్తారు. ఆగకపోతే మందు మారుస్తారు.

దిశారి దగ్గరకు వెళ్లొద్దని మేము అనం. పూజ చేయించుకోండి, ఆ రోజే బండి కూడా ఎక్కండి. పాడేరునుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బయల్దేరేముందే వీడియో తీయండి. బిడ్డ మొహం, రెండు చేతులూ కనబడాలి. రోజుకు ఎన్ని విడతలు వస్తున్నాయో, ఎప్పుడు మొదలయ్యాయో మాస్టారుచేత చీటీమీద రాయించి తల్లి చేతికివ్వండి.