పుదుచ్చేరిలో సంధ్యవేట

పుదుచ్చేరిలో సూర్యుడు సముద్రంలో అస్తమించడు, ఊరి వెనుక క్రుంగుతాడు. అందువల్ల సాయంకాలం పడవ ఎక్కి వేటకు పోయేవారికి ఎదుట నల్లబడుతున్న నీరు, వెనుక ఎర్రని ఆకాశం కింద తీరవీథి ఒకేసారి కనిపిస్తాయి. ఆ వీథిలో నిలిచిన పాత దీపస్తంభం 1836లో వెలిగింది. 1979లో తన పనిని కొత్త దీపానికి అప్పగించింది.

మిత్రులు నలుగురు కలిసి ఒక ఫైబరు పడవ మాట్లాడుకొని, తేంగాయ్‌తిట్టు రేవు నుంచి అరియాంకుప్పం నది మొగ దాటి సముద్రంలో ప్రవేశించడం ఇక్కడి వినోదాలలో ఒకటి. వారి ఆశ అంతా వంజరం మీద, పెద్ద పార మీద. వంజరం చిన్న చేపల గుంపులను తరుముతూ నీటి పైపొరలో బాణంలా దూసుకుపోతుంది. బాగా పెరిగితే రెండు మీటర్లు దాటగలదు. దాని పళ్ళకు నైలాను దారం ఆగదు కనుక గాలానికి పైన ఉక్కు తీగ కడతారు. ఎరను పడవ వెనుక ఈడ్చుకుంటూ పోతారు. పార తీరు వేరు. అది రాళ్ళ మరుగున పొంచి ఉంటుంది. గాలం తగిలిన మరుక్షణం రాళ్ళలోకి దూరి దారం తెంపుకోజూస్తుంది. వెలుతురు తగ్గినప్పుడు చిన్న చేపకు తన శత్రువు సరిగా కానరాదు. పెద్ద చేపకు మేతవేళ అదే, మనిషికి వేటవేళా అదే.

కాబట్టి పడవ నడిపేవాడు మొదట వెదికేది చేపను కాదు, రాతిని. మొగకు ఇరువైపులా అలలను ఆపే రాతికట్టలు ఉన్నాయి. రాతికి నాచు, గుల్లలు పట్టుకుంటాయి. వాటికోసం చిన్న చేపలు, వాటికోసం పెద్దవి వచ్చి చేరుతాయి.

అయితే ఈ రాళ్ళకు మరొక చరిత్ర కూడా ఉన్నది. రేవు కోసం ఈ కట్టలను 1980వ దశకంలో నిర్మించారు. కోరమండల తీరంలో ఇసుక ఒకచోట నిలిచేది కాదు. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు దానిని ఉత్తరానికి, ఈశాన్య ఋతుపవనాల కాలంలో దక్షిణానికి మోసుకుపోతాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. కట్టలు ఆ దారికి అడ్డుపడ్డాయి. దక్షిణాన వీరాంపట్టణం వైపు ఇసుక మేట వేసింది. ఉత్తరాన పట్టణతీరం కోసుకుపోయింది. కోతను ఆపడానికి మళ్ళీ రాళ్ళు పోశారు. ఆ రాళ్ళు ముగిసినచోట మళ్ళీ కోత మొదలైంది.

నగరవాసి పోగొట్టుకున్నది షికారు చేసే ఇసుకతిన్నె మాత్రమే. వైత్తికుప్పం, కురుచ్చికుప్పం జాలరులు పోగొట్టుకున్నది పని చేసుకునే చోటు. దుంగలు కట్టిన తెప్పను ఒడ్డుకు లాగాలన్నా, అలివి వల ఈడ్వాలన్నా, వల ఆరవేయాలన్నా ఇసుక కావాలి. కట్టిన మాను అని అర్థమిచ్చే తమిళ పదం ‘కట్టుమరం’ ఈ తీరాల నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళి ‘కేటమరాన్’ అయింది. ఆ పేరు ప్రపంచమంతా తిరుగుతున్నది. ఆ తెప్పకు మాత్రం స్వస్థలంలో చోటు కరవైంది.

దీనికి ఉపాయం లేకపోలేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన ఉక్కు అడ్డుకట్టను 2018లో పట్టణతీరానికి ఎదురుగా నీటిలో ముంచారు. అది అలల ఉధృతిని తగ్గించడంతో తీరవీథి ముందు కొంతమేర ఇసుక తిరిగి చేరింది. కట్టడం తప్పు కాదు, నీటి నడక తెలియకుండా కట్టడమే తప్పు అని అది చాటింది.

సముద్రానికి విశ్రాంతి కూడా అవసరమే. తూర్పుతీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టడానికి ఇచ్చిన గడువు అది. వినోదానికి గాలం వేసేవారిలో తెలిసినవారు చిన్న వంజరాన్ని గాలం విప్పి నీటిలో వదిలివేస్తారు.

చీకటి పడ్డాక పడవ మళ్ళీ ఆ రాతికట్టల నడుమ నుంచే రేవు చేరుతుంది. ఒడ్డున మిత్రులు చేప బరువు చూసుకుంటారు. ఆ చేపను చేరదీసిన రాళ్ళు తీసుకుపోయిన ఇసుక బరువు మాత్రం ఏ త్రాసుకూ అందదు.