పిల్లల సినిమా – పెద్దల నవ్వు

పిల్లలు ఎట్టి సినిమాలు చూడవలెనను ప్రశ్న నేఁడు ప్రతి గృహమునందును గలదు. మా అమ్మమ్మగారి కాలమున సినిమా చూడవలెనన్న బండి కట్టుకొని పట్నమునకుఁ బోవలసియుండెడిది. నేఁడు అది టీ.వీ.లోను, సెల్ ఫోనులోను మన యింటిలోనికే వచ్చి కూర్చున్నది. పిలువకయే వచ్చు నీ యతిథిని గూర్చి గృహిణి యాలోచింపక తప్పదు. ఈ విషయమున నేను పండితురాలను గాను. మా నాయనగారు ఇంటివద్దఁ జెప్పిన భారత భాగవతములు తప్ప వేఱు చదువు లేనిదానను. మా వారు బడిపంతులు. మాకు పండ్రెండేండ్ల కొడుకును, ఎనిమిదేండ్ల కూఁతురును గలరు. మా యింట జరిగిన యొక సంగతి సిగ్గు విడిచి మీకు విన్నవించుకొనుచున్నాను.

గత సంక్రాంతికి మా ఆడుబిడ్డలు, మఱఁదులు, వారి పిల్లలు అందఱును వచ్చిరి. పండుగనాఁటి రాత్రి భోజనములైన పిమ్మట టీ.వీ.లో నొక సినిమా చూచితిమి. అందు రక్తపాతము లేదు, కౌఁగిలింతలు లేవు. ఇది ఇంటిల్లిపాదియుఁ జూడఁదగినదని నేనే నిశ్చయించితిని. ఆ కథలో నాయకుఁడు కాలేజీకిఁ బోవు నొక కన్యను ప్రతిదినమును వెంబడించును. ఆమె వలదన్నను బస్సులోఁ బ్రక్కన నిలుచును. స్నేహితులఁ జేర్చుకొని నడివీథిలోఁ బాట పాడును. ఆమె కన్నీరు పెట్టుకొనఁగా స్నేహితులు చప్పట్లు చఱచిరి. మేమందఱమును నవ్వితిమి. మా అత్తగారు నవ్విరి, నేనును నవ్వితిని. కథ ముగియునప్పటికి ఆ కన్యయే నాయకుని వలచినది. అందఱమును సంతోషముతో నిద్రించితిమి.

పది దినములు గడచినవి. ఒక సాయంకాలము మా వారు బడినుండి వచ్చి, చెప్పులైన విడువక కుర్చీలోఁ గూలఁబడిరి. ఆ బడిలోని యొక బాలిక తండ్రి వచ్చి, "అయ్యా, మా అమ్మాయి బడికి రానని యేడ్చుచున్నది. తమ అబ్బాయియు, మఱి యిద్దఱును దారిలో వెంటఁబడి పాటలు పాడుచున్నారఁట. తమకుఁ జెప్పుటకు నోరు రాక యిన్నాళ్లు ఊరకుంటిని" అని చేతులు జోడించెనఁట. ఊరి పిల్లలకెల్ల బుద్ధి చెప్పు పంతులుగారు ఆనాఁడు తల యెత్తలేకపోయిరి.

కొడుకును బిలిచి యడిగితిమి. వాఁడు బొంకలేదు. వణఁకుచు, "అమ్మా, ఆ సినిమాలో నట్లే చేసిరి గదా! అప్పుడు నీవును నవ్వితివి గదా!" అనెను. మా వారు ఎత్తిన చేయి దించివేసిరి. దండింపవలసినది వానిని మాత్రమే కాదని మాకిరువురకును దెలిసినది.

ఆ రాత్రి వానిని బ్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొని తిక్కనగారి విరాటపర్వమునుండి కీచకుని కథ చెప్పితిని. సైరంధ్రి పేర సుధేష్ణయొద్దనున్న ద్రౌపదిని ఆ రాణి సోదరుఁడు కోరుట, ఆమె వలదనుట, వాఁడు విడువకపోవుట, తుదకు నిండుసభలో నామెను గాలితోఁ దన్నుట, విరటుఁడు వానిని దండింపలేకపోవుట వివరించితిని. వాఁడు చాలసేపు మాటాడక, "అమ్మా, ఆమె వలదన్నను విడువలేదు గనుకనేనా కీచకుఁడు చెడ్డవాఁడు?" అని యడిగెను. అవునంటిని. "అట్లయిన ఆ సినిమాలోని హీరోయును గీచకుఁడేనా?" అనెను. నాకు వెంటనే బదులు రాలేదు. నాఁటి సభవారు మిన్నకుండిరని నిందింతుము; మేము మిన్నకయైన నుండక నవ్వితిమి గదా యని మనసు కలుక్కుమనెను.

మఱునాఁడు మా వారు వానిని వెంటఁబెట్టుకొని ఆ బాలిక యింటికిఁ బోయి క్షమాపణ చెప్పించిరి. అయినను ఆ పిల్ల మూఁడు దినములకుఁ గాని బడికి రాలేదు.

సినిమాలకు ప్రభుత్వమువారి సర్టిఫికెట్లు గలవు గదా యని మీరనవచ్చును. కలవు; వానిని దప్పక చూడవలెను. 1952 నాఁటి సినిమాటోగ్రాఫు చట్టమును 2023లో సవరించి, 'యు/ఏ' యను తరగతిని 7, 13, 16 ఏండ్ల చొప్పున మూఁడుగా విభజించిరి. 'ఏ' యన్నది 18 ఏండ్లు నిండినవారికి మాత్రమే. ఇంటర్నెట్టు మూలమున వచ్చు చిత్రములకును 2021 నాఁటి నియమములు ఇట్టి విభాగమునే విధించి, 'యు/ఏ 13' మొదలుకొని పై తరగతులకు తల్లిదండ్రులు తాళము వేసికొను నేర్పాటుండవలెననినవి. ఆ తాళము వేయుట నేర్చుకొనుఁడు, కష్టము గాదు. కాని సర్టిఫికెట్టు వయస్సును జెప్పును గాని, ఎచ్చట నవ్వరాదో చెప్పదు.

ఇష్టము లేదని చెప్పిన స్త్రీని వెంబడించుట 2013లో శిక్షాస్మృతియందు నేరముగాఁ జేర్పఁబడినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షను ప్రకారము మొదటి తప్పునకే 3 ఏండ్ల వఱకు చెఱ విధింపవచ్చును. చట్టము నేరమన్నదానిని తెర ప్రేమ యన్నది, మేము హాస్యమంటిమి. పిల్లవాఁడు ఇంటివారి మాటనే నమ్మును గదా!

కావున మా యింట నాలుగు కట్టుబాటులు చేసికొంటిమి. సర్టిఫికెట్టు చూడక, పెద్దలలో నొకరైన ముందుగాఁ జూడక, ఏ చిత్రమును బిల్లలకుఁ బెట్టరాదు. సెల్ ఫోనుతో మూలఁ జేరి యొంటరిగాఁ జూడరాదు. నడుమగదిలో నందఱ యెదుటనే చూడవలెను. తెరమీఁద నొకరు బాధపడుచుండఁగా పెద్దలు నవ్వరాదు, సినిమా నాపి, "ఆమె యేమన్నది? వాఁడు వినెనా?" యని పిల్లల నడుగవలెను. పొరుగింట తగని చిత్రము వచ్చినచో పిల్లలు నిస్సంకోచముగా లేచి రావచ్చును.

వీనిలో మూఁడవదియే కష్టము. "నవ్వుటకుఁగూడ నియమములా?" యని అత్తగారు మొదట నొచ్చుకొనిరి. నేను వాదింపలేదు. ఒకనాఁడు అట్టి ఘట్టమే రాఁగా ఆమె పెదవులు విచ్చుకొనినవి. ప్రక్కనున్న మా చిన్నది, "నానమ్మా, ఆమె వలదన్నది గదా!" అన్నది. అత్తగారు పమిటచెఱఁగు నోటికడ్డము పెట్టుకొనిరి. ఇప్పుడు సినిమా నాపుఁడని ముందుగాఁ జెప్పునది ఆమెయే.

అన్నింటిని నిషేధించినచో పిల్లలు చాటుగాఁ జూతురని మా వారి భయము. అది నిజమే. అందుచే మంచివానిని మేమే వెదకి చూపుచున్నాము. 1963 నాఁటి 'నర్తనశాల'ను అందఱమును గూడి చూచితిమి. అందు ఎస్.వి. రంగారావుగారి కీచకుఁడు ఎంత ఠీవి గలవాఁడు! అయినను చిత్రము వాని పక్షము వహింపదు. మనసు సావిత్రిగారి ద్రౌపది వెంటనే పోవును. మా వాఁడు కదలక చూచెను. సినిమా బుద్ధిని జెఱుపఁగలిగినట్లే దిద్దనుఁ గలదు.

సోదరీమణులారా! పిల్లలకు నియమములు పెట్టుటకు ముందు మన నవ్వునకు మనము నియమము పెట్టుకొందము. ఆ బాలిక నేఁడును మా వీథినుండియే బడికిఁ బోవుచున్నది. మా వాఁడు అరుగుమీఁదనున్నచో పుస్తకమునుండి తల యెత్తఁడు. అయినను మా యింటి ముందునకు రాఁగానే ఆ పిల్ల నడక వడి హెచ్చును. అది చూచినప్పుడెల్ల ఆ సంక్రాంతి రాత్రి నేను నవ్విన నవ్వు నాకు జ్ఞప్తికి వచ్చును.