జాడ తీసినవాడు

మా బావమరిది కోరుట్లవాడు. ఇరువది యేండ్ల ప్రాయమున దుబాయి పోయి, మొదట ఇటుకలు మోసి, పిదప మేస్త్రియై, తరువాత చిన్న గుత్తేదారుడై, నేడు పదిమందికి జీతము లిచ్చుచున్నాడు. అతని తల్లి, అనగా మా అత్తగారు, బీడీలు చుట్టి వానిని పెంచినది. ఇట్టివానికి కడచిన వేసవిలో ఆఫ్రికా ఖండమున మృగముల వేటాడవలయునను కోరిక పుట్టెను. అతనితో వ్యాపారము చేయువా రెవరో పోయివచ్చి గోడనిండ కొమ్ములు తగిలించుకొనిరట. "బావా, నాకు ఇంగ్లీషు అంత మంచిగ రాదు. నీకు ఎట్లైన ఎండకాలం సెలవులే గద. ఖర్చంత నాది, నువ్వు తోడు రా" అని ఫోనులో బతిమాలెను. పిల్లలచేత అహింసను గూర్చి వ్యాసములు వ్రాయించు మేము పోవచ్చునా యని రెండు దినము లాలోచించితిమి. మూడవ దినమున పాసుపోర్టు వెదకితిమి. కుతూహలము ధర్మశాస్త్రముకంటె బలమైనదని చదువరు లెరుగనిది కాదు.

సఫారీ యను మాట స్వాహిలీ భాషలోనిది. దాని మూలము అరబ్బీ 'సఫర్'. ఉర్దూ మాటల నడుమ పెరిగిన జగిత్యాలవారికి సఫరు క్రొత్త కాదు. ప్రయాణమని దాని యర్థము. వేట యను నర్థము తరువాత దొరలు అంటగట్టినది. 1909లో అధ్యక్షపదవి దిగిన రూజువెల్టును, అతని కుమారుడును తూర్పు ఆఫ్రికాకు పోయి 512 మృగములను చంపి లెక్క వ్రాసికొనిరి. హెమింగ్వే 1935లో ప్రకటించిన 'గ్రీన్ హిల్స్ ఆఫ్ ఆఫ్రికా'లో చాల భాగము కూడూ అను మృగమువెంట తిరిగిన కథయే. మా బావమరిది యా పుస్తకము పేరైన వినలేదు గాని అతడు కోరినదియు కూడూనే. ఏనుగు, సింహము మొదలగు వానికి చెల్లించు వెల వేరు. గడ్డి, ఆకు మేయు మైదానపు మృగములు క్రొత్త వేటగానికి తగినవట. అయినను ఒక్క కూడూ పోతు వెల మా మూడు నెలల జీతమునకు సరిపోయెను.

జోహన్నెస్‌బర్గు నుండి ఉత్తరముగా లింపోపో నదివైపు కారులో పోయితిమి. మన మే నెల అచ్చట చలికాలమునకు మొదలు. తెల్లవారుజామున పండ్లు కొట్టుకొనునంత చలి. కాని వెలుగు వచ్చి చూతుము గదా, ఎర్రమన్ను, తుమ్మజాతి ముండ్లచెట్లు, ఎండిన గడ్డి! రాయికల్ త్రోవలో దిగినట్లే యుండెను. ఒక్కటే భేదము. ఆ భూమి చుట్టును మనిషి కంటె ఎత్తైన తీగల కంచె కలదు. పూర్వ మది పసులను మేపిన భూమియట. కంచెలోని మృగము భూస్వామి సొత్తే యని 1991లో ఆ దేశమున చట్టము చేసిరి. మృగము సొత్తైన పిమ్మట పసులకంటె దానిని పెంచుటయే లాభ మయ్యెను. బాంటెబాక్ అను జింక 1931 నాటికి పదునేడు మాత్రమే మిగిలియుండగా వానికొరకు ప్రత్యేకముగ ఒక వనము నేర్పరచిరి. నేడవి వేలకొలది యున్నవి, అందు పెక్కులు ఇట్టి కంచెల లోపలనే. మరియొక వైపు, కెన్యా దేశము 1977లో వేటను పూర్తిగ నిషేధించెను. అయినను అచ్చటి మృగములు తగ్గుచునే వచ్చినవి. వేటను కన్నులు మూసికొని ద్వేషించువారికి ఈ రెండు సంగతులును జీర్ణము కావు. మాకును కాలేదు.

పరదేశపు వేటగానికి లైసెన్సు గల స్థానిక వేటగాడు తోడుండవలెనని అచ్చటి నియమము. మాతో వచ్చినవాడు పాతికేండ్ల తెల్ల యువకుడు, మంచి మర్యాదస్థుడు. అతని ముందు నడచినవాడు యాబదియేండ్లు దాటిన నల్లని మనిషి. జాడ తీయుట అతని పని. చిన్న సీసాలోని బూడిదను గాలిలోనికి చిమ్మి, అది పోవు దిక్కు చూచి, ఎదురుగాలికి మమ్ము నడిపించెను. మేము చివరివారము. శాకుంతలము రెండవ అంకమున సేనాపతి వేటవలన దేహము తేలికయగునని పొగడుచుండగా, విదూషకుడు కీళ్లు పట్టినవని మొరపెట్టుకొనును గదా. తరగతిలో ఆ ఘట్టమునకు పిల్లలతోపాటు నవ్వుచుంటిమి. ఆ దినమున విదూషకుని పక్షము వహించితిమి.

రెండవ దినము ప్రొద్దెక్కినపుడు జాడవాడు చేయి యెత్తి నిలిచెను. ఎదుట మాకు పొదలు తప్ప మరేమియు కనబడలేదు. ఒక కొమ్మ కదలి చెవి యయ్యెను. పిదప బూడిదరంగు మేనిపై సుద్దతో గీచినట్లు సన్నని తెల్లని చారలు, మెలికలు తిరిగిన కొమ్ములు తేలివచ్చినవి. మన మనుబోతు కంటె పొడవరి, గంభీరమైనది. మూడు కాళ్ల కర్ర నిలిపి, దానిపై తుపాకి ఆనించి, బావమరిది చాలసేపు గురి చూచెను. అతని మెడమీద చెమట మాకు కనబడుచుండెను. గుండు ప్రేలెను. మృగము వీపు వంచి ఒక్క దూకున మాయమయ్యెను.

"తాకిందా బావా?"

తాకినది, కాని తాకవలసినచోట కాదు; కడుపున తాకెను. ఒక్క రక్తపుచుక్క పడిన చాలు, మృగము దొరకకున్నను వెల చెల్లింపవలెనని నియమము. ఆ మాట అతనికి చెవికెక్కలేదు. ముఖము తెల్లబోయి, "పాపం తగిలింది" అని రెండుమార్లు అనెను.

తరువాతి నాలుగు గంటలును వేట జాడవానిది. తుపాకి గల ముగ్గురిలో నెవరును కారు. అతని చేత ఒక పుల్ల మాత్రమే యుండెను. ఎండుటాకుపై ఆవగింజంత మరకను పుల్లకొనతో చూపును, నడచును. మరక లేనిచోట గిట్ట పడినప్పుడు లోపలికి చెదరిన యిసుకను చూచును. మంద అడ్డముగ పోయి జాడ కలిసిపోయినచోట వంగి, వెనుకకు వచ్చి, మరల మొదలుపెట్టును. ఒక లిపి యది. మేము ముప్పదియేండ్లుగా పుస్తకములు చదువుచున్నాము. ఆ నేలమీద మాకు ఒక్క అక్షరమును రాలేదు. సూర్యుడు వాలుచుండగా ముండ్లపొద క్రింద కూర్చున్న మృగమును చూపి అతడు ప్రక్కకు తొలగెను. రెండవ గుండు సరిగా తగిలెను. బావమరిది తుపాకి క్రింద పెట్టి, దాని మెడపై చేయి వేసి చాలసేపు లేవలేదు.

మాకప్పుడు మా తాత జ్ఞప్తికి వచ్చెను. ఆయనది ధర్మపురి దగ్గర గోదావరి యొడ్డు పల్లె. నైజాము కాలమున, దొరలు వేటకు వచ్చినపుడెల్ల, ఇంటికొక మనిషి చొప్పున నది దాటి అడవిలోనికి వెట్టికి పోవలయును. డప్పులు, డబ్బాలు కొట్టి మృగములను తుపాకులవైపు తరుముట పని. తినుటకు ఇంటినుండి కట్టుకొనిపోయిన గటక. ఒకమారు అడవిపంది తొడ చీల్చగా ఆయన బ్రతికినన్నాళ్లు కుంటుచునే నడచెను. ఆ యేడు పులిని కొట్టిన దొర దానిపై కాలు మోపి పటము తీయించుకొనెనట. "పటంల నేను లేను బిడ్డా, నా కాలు కూడ లేదు" అని తాత నవ్వుచుండెను. వైస్రాయి కర్జను నైజాము రాజ్యమున పులితో తీయించుకొన్న ప్రసిద్ధ ఛాయాపటమును మేము పుస్తకములలో చూచియున్నాము. అందు దొరయు, దొరసానియు, పులియు కలరు. తరిమినవారు లేరు. నది యావలి యడవి 1965లో కవ్వాల అభయారణ్యమైనది, 2012లో పులుల రక్షితప్రదేశమైనది. 1972 చట్టముతో దొరల వేట ముగిసెను. పొలముల చుట్టు పందులకై పెట్టు కరెంటు తీగలు ముగియలేదు. వానివలన మృగములును చచ్చుచున్నవి, అప్పుడప్పుడు తీగ పెట్టిన రైతే చచ్చుచున్నాడు.

అచ్చటను పటము తీసిరి. రక్తపు మరకలు కడిగి, కొమ్ములు నిలిపి, వెనుక బావమరిదిని కూర్చుండబెట్టిరి. జాడవాడు అలవాటుగా తనంతట తానే దూరముగ జరిగెను. మాకు కోపము వచ్చి, అతనిని పిలిచి నడుమ నిలువబెట్టి, మా ఫోనుతో మరియొక పటము తీసితిమి. పెద్ద కార్యము చేసినట్లు ఆ రాత్రి మాకు తృప్తిగా నుండెను. మాంసము భూస్వామి శీతలగృహమునకు పోయెను. కొంత మన ఒరుగులవలె ఎండబెట్టుదురు. పేగులు, తల, కాళ్లు పనివారికి.

దసరాకు బావమరిది కోరుట్ల వచ్చినపుడు తల్లికి పటములు చూపెను. ఆమె తంబాకు వాసనపట్టిన వ్రేలితో కొమ్ములను తడవి, "గింత పెద్ద జీవాన్ని ఏం జేసిండ్రు, తిన్నరా?" అని యడిగెను. పిదప మేము తీసిన పటము వచ్చెను.

"ఈయనెవలు?"

"జాడ తీసినోడు అమ్మా. ఈయన లేకుంటె అది దొరకకపోవు."

"మంచి మనిషి లెక్కున్నడు. పేరేంది?"

బావమరిది మావైపు చూచెను. మాటాడుటకని తోడు పోయినవారము మేమే గదా. నాలుగు దినము లతని వెనుక నడిచి, గాలిని గూర్చి, గిట్టలను గూర్చి, ముండ్లచెట్ల పేర్లను గూర్చి వానిని ఎన్ని యడిగితిమో! అత్తగారు ఫోను ముఖమునకు దగ్గరగా పెట్టుకొని మరల అడిగెను.