పడదంటే ఎంత పడదు?

రండి, కూర్చోండి. నంద్యాలలో ఈ పొద్దు ముసురు పట్టింది. ఉగ్గాణీ బజ్జీ తెప్పిస్తాను. తెప్పించే ముందు ఒక్క మాట: మీకేమైనా పడనివి ఉన్నాయా?

నవ్వకండి. మా అక్క కొడుకు వచ్చి వెళ్ళినప్పటి నుంచి ఇంటికెవరొచ్చినా ఇదే అడుగుతున్నాను. వాడు పుట్టింది, పెరిగింది ఇంగ్లండులో. శెనక్కాయ గింజ ఒక్కటి కడుపులోకి పోతే చాలు, గొంతు వాచిపోతుంది. తొడలో గుచ్చుకునే అడ్రినలిన్ పెన్నులు రెండు ఎప్పుడూ జేబులో ఉండాల్సిందే.

నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం పబ్బుకు తీసుకుపోయాడు. పబ్బంటే తాగుడు కొట్టు అనుకునేరు! పిల్లా జెల్లా, ముసలీ ముతకా అందరూ వచ్చి భోంచేస్తున్నారు. బల్ల దగ్గరికి ఎవరూ రారు, మనమే కౌంటరుకు పోయి చెప్పాలి. వీడు శెనక్కాయ సంగతి చెప్పగానే అక్కడి అమ్మాయి నవ్వు ఆపేసి, బీరు గొట్టం వదిలేసి, ఒక ఫైలు తీసింది. ప్రతి వంటకానికీ గడులు, గడుల్లో టిక్కులు. అంతటితో ఆగక వంటింట్లోకి పోయి, చేపలు వేయించే నూనెలో ఇంకేం వేయిస్తారో కనుక్కొని వచ్చింది.

2014 డిసెంబరు నుంచి అక్కడ హోటలు వాళ్ళు 14 పదార్థాల గురించి కచ్చితంగా చెప్పి తీరాలట. ఆ జాబితాలో పాలు, గుడ్లు, గోధుమలు, నువ్వులు, చివరికి ఆవాలు కూడా ఉన్నాయి. మన తిరగమోత గిన్నె అక్కడ సగం ముద్దాయి అన్నమాట! అయినా ఊరికే రాలేదు ఆ జాగ్రత్త. 2016లో నటాషా అనే 15 ఏళ్ళ పిల్ల, రొట్టెలో నువ్వులున్న సంగతి పైన రాయకపోవడం వల్ల ప్రాణం పోగొట్టుకుంది. దుకాణంలోనే ముందుగా ప్యాక్ చేసి పెట్టే తిండికి కూడా అన్నీ రాయాలని 2021 అక్టోబరులో అమలైన నిబంధనను ఆమె పేరుతోనే పిలుస్తారు.

ఇక మన సంగతి. వాణ్ణి ఆళ్ళగడ్డ తీసుకుపోతూ దారిలో బజ్జీల బండి దగ్గర ఉగ్గాణి కోసం ఆగాం.

“అన్నా, ఇందులో శెనక్కాయలున్నాయా?”

“యాడుండాయి సార్? బొరుగులు, పప్పుల పొడి, అంతే.”

ప్లేటు చేతికొచ్చాక నాకెందుకో అనుమానం వచ్చింది. “మరి పక్కన చట్నీ?”

“చట్నీ దాంతోనే గదా సార్! ఇంక దేంతో చేస్తారు?”

ఆయన అబద్ధమాడలేదు. నేను అడిగింది ఉగ్గాణి గురించి, ఆయన చెప్పిందీ దాని గురించే. మన సీమలో శెనక్కాయ గింజగా కనిపించేది తక్కువ. చట్నీలో, పొడిలో, గుత్తొంకాయ మసాలాలో, నూనెలో కరిగిపోయి ఉంటుంది. అందులోనూ గానుగ నూనె మరీ చిక్కు. బాగా శుద్ధి చేసిన నూనెలో గింజ తాలూకు మాంసకృత్తులు దాదాపు మిగలవు, గానుగ నూనెలో మిగులుతాయి. ఒంటికి మంచిదని మనం వెతికి తెచ్చుకునేదే వాడికి గండం.

మన దగ్గరా 2020 నిబంధనలున్నాయి. ప్యాకెట్ల మీద అలర్జీ పదార్థాలు రాయాలి, పది చోట్లో అంతకు మించో శాఖలున్న హోటళ్ళూ చెప్పాలి. బజ్జీల బండికి ఉన్నది ఒకటే శాఖ, అది కూడా చక్రాల మీద!

ఆళ్ళగడ్డలో మా పెద్దమ్మ గుత్తొంకాయ చేసి కూర్చుంది. “వాడికి శెనక్కాయ పడదు పెద్దమ్మా” అన్నాను.

“పడకపోతే ఏమైతది, గ్యాసా? రవ్వంత తిను నాయనా, ఏం కాదు.”

చూశారా? తప్పు ఆమెది కాదు, నా మాటది. మనకు వంకాయ పడదు, చలి పడదు, తోడికోడలు పడదు. దురదకూ, అయిష్టానికీ, ప్రాణగండానికీ అదే మాట. అప్పుడు మాట మార్చాను: “అది తింటే వీడి గొంతు మూసుకుపోతుంది. నంద్యాల ఆసుపత్రికి పోయేదాకా ఊపిరి నిలవదు.”

పెద్దమ్మ మారు మాట్లాడలేదు. వంకాయ గిన్నె పక్కింటికి పంపింది. మిక్సీ జారు రెండుసార్లు తోమింది. కొత్త గరిటె తీసి, పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు తెప్పించి పప్పు చేసింది. చేస్తూనే సణిగింది: “పసిబిడ్డప్పుడే రవ్వంత నాకించి ఉంటే ఈ రోగం వచ్చేదా?”

నవ్వొచ్చింది గానీ, ఆ మాటలో నిజం ఉంది. అలర్జీ ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు ఏడాది నిండకముందే వైద్యుల కనుసన్నల్లో వేరుశనగ తినిపిస్తే, అయిదేళ్ళ వయసుకు ఈ అలర్జీ అయిదింట నాలుగు వంతులు తగ్గిందని 2015లో లండన్ పరిశోధకులే తేల్చారు. అయితే అది అలర్జీ రాకముందు మాట. వచ్చాక రవ్వంతైనా ప్రమాదమే.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసింది. “వాడు మళ్ళీ వస్తాడంట గదా, గుత్తొంకాయలో నువ్వులు కూరతా. అవైనా పడతాయో లేదో ముందు కనుక్కో. ఊరికే పడవా, గొంతు మూసుకుపోతుందా, అది గూడా అడుగు.”

సరే, ఉగ్గాణి వచ్చింది. ఇంతకీ మీరు జవాబు చెప్పనే లేదు.