బండి నీడ

మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం ఒక ప్రయాణ కథ. రాజ్యాన్ని విడిచి బయలుదేరిన పాండవుల వెంట ద్రౌపదితోపాటు ఒక కుక్క కూడా నడిచింది. వారు హిమవత్పర్వతాన్ని దాటారు. ఇసుక సముద్రం వంటి ఎడారిని దాటారు. దారిలో ఒక్కొక్కరే నేలకొరగగా, చివరకు ధర్మరాజుకు తోడుగా మిగిలింది ఆ కుక్కే. ఇంద్రుడు రథం తెచ్చినా, తనను నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి స్వర్గానికి రానన్నాడు ధర్మజుడు. తిక్కన తెనిగించిన పర్వాలలో ఇదీ ఒకటి. ఈ ఘట్టం తలచుకొన్నప్పుడల్లా నా కళ్ల ముందు నిలిచేవి హిమాలయాలు కావు. బోధన్‌కు పోయే చెరకుబండ్ల బాట.

1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని కాలువలలో పారించి మా నేలను చెరకు సీమగా మార్చింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. చలికాలం వచ్చిందంటే బాటల నిండా ఎడ్లబండ్లే. నేడు కొన్ని దేశాలలో ప్రజలు వంటగది, పడక ఉన్న మోటారు ఇళ్లలో పెంపుడు కుక్కలతో కలసి ఎడారులూ కొండలూ చుట్టివస్తారు. మాకు ఎడ్లబండే అటువంటి ఇల్లు. సద్దిమూట, గొంగడి, లాంతరు, ఎడ్లకు మేత, అన్నీ అందులోనే. బండి కింది నీడలో మా కుక్క మోతి నడిచేది. బండిని తానే మోస్తున్నానని దాని భ్రమ అని ఊరివారు నవ్వేవారు.

1975 ప్రాంతం. నాకు పదేళ్లు. చెరకు కాంటా వేసి, బండి ఖాళీ చేసుకొని మేము తిరుగుదారి పట్టేసరికి అర్ధరాత్రి దాటింది. బాపు నొగల దగ్గర కునుకు తీస్తున్నాడు. బాట తెలిసిన ఎడ్లు తమంతట తాము నడుస్తున్నాయి. కొంతదూరం పోయాక బండి కిందికి చూశాను. మోతి లేదు. చెబితే బాపు బండి తిప్పుతాడు, చలి, నిద్ర. గొంగడి ముసుగు తన్ని ఊరకున్నాను.

మరో క్రోసెడు దూరం పోయాక బాపు లేచాడు.

“మోతి ఏడున్నదిరా?”

“నాకెరుక లేదు బాపూ” అన్నాను.

ఆయన మారుమాట లేకుండా ఎడ్లను వెనుకకు మళ్లించాడు. “పొద్దున అదే వస్తది బాపూ” అని గొణిగాను.

“మనల్ని నమ్ముకొని వచ్చింది. ఇడిసిపెట్టి పోతమా?” అన్నాడు.

చెరకు పిప్పి చెల్లాచెదరుగా పడిన ఆ మైదానంలో, మా బండి నిలిచిన చోటనే మోతి కూర్చొని ఉంది. ఎందరి బండ్లో దానిని దాటి పోయి ఉంటాయి. అది దేని వెంటా పోలేదు. మమ్మల్ని చూచి మొరగలేదు. తోక ఊపుతూ వచ్చి బండి కింద తన చోటులో నిలిచింది. నేను మాత్రం దాని కళ్లలోకి చూడలేకపోయాను. నిజం బాపుకు ఏనాడూ చెప్పలేదు.

కాలక్రమాన ఎడ్లబండ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. 2015లో కర్మాగారమూ మూతపడింది. ఆ తరువాత ఒకనాడు నేను అక్కడికి పోయి, ఒకప్పుడు మా బండి ఆగిన చోటు ఏదో పోల్చుకోవాలని చూశాను. నాకు ఆనవాలు దొరకలేదు. మోతి అయితే ఆ చీకటిలోనూ మరచిపోలేదు.

ధర్మరాజుకు పరీక్ష స్వర్గద్వారం వద్ద ఎదురైంది. నాకు గొంగడి ముసుగులో ఎదురైంది. ఆ రాత్రి నెగ్గినవాడు అక్షరం ముక్క రాని మా బాపు.