ఖాగీనా పేరు మారింది

పొద్దున ఆరింటికే మా ఇంట్లో గుడ్లు పగిలే చప్పుడు. మా బిడ్డది ఏడో తరగతి. దాని టిఫిన్ డబ్బాలోకి మఫిన్లు కావాలి. కేకుల్లాంటి తియ్యటివి కావు. గుడ్లూ కూరగాయలూ కలిపి ఓవెన్‌లో పెట్టే కారపువి.

పెద్ద పనేం కాదు. 6 గుడ్లు, ఒక పెద్ద ఉల్లిగడ్డ, సగం క్యారెట్, సగం క్యాప్సికం, గుప్పెడు పాలకూర, రెండు పచ్చిమిరపకాయలు, కొత్తిమీర. కూరగాయలు పచ్చివే వేస్తే నీళ్లు ఊరి మఫిన్ చెమ్మగిల్లుతుంది. అందుకే ముందు ఉల్లిగడ్డ వేయించి, చిటికెడు పసుపు, అరచెంచా అల్లం వెల్లుల్లి వేసి, మిగతావి కూడా అందులోనే తడి ఆరేదాకా మగ్గించాలి. చల్లారాక గిలక్కొట్టిన గుడ్లలో ఉప్పు, మిరియాల పొడి, రెండు చెంచాల పాలతో కలపాలి. నూనె రాసిన గుంటల ట్రేలో ముప్పావు వంతు వరకే పోయాలి. 180 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు. బాగా పొంగుతాయి. బయటికి తీయగానే కుంగుతాయి. గుడ్డు గుణమే అంత. ఎనిమిది వస్తాయి.

మొదటిసారి చేసినరోజు మా అమ్మీ ఇంట్లోనే ఉంది. ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. "అరే, యే తో ఖాగీనాచ్ హై!" అంది.

నిజమే, ఇది ఖాగీనాయే. ఉల్లిగడ్డ, పసుపు, పచ్చిమిర్చి, గుడ్లు. చుట్టాలు చెప్పకుండా దిగినా, సెహ్రీకి ఆలస్యంగా లేచినా మా ఇళ్లలో ఆదుకునే కూర అదే. ఖాగీనా పారసీ మాట. దక్కన్‌కు వచ్చి ఇక్కడి పసుపూ మిరపకాయా కలుపుకుని మా పొయ్యి మీద స్థిరపడింది.

నేను బడికి పోయే రోజుల్లో నా డబ్బాలోనూ ఇదే ఉండేది. ఏం కూర అని అడిగితే కోడిగుడ్డు కూర అనేదాన్ని. ఒకసారి నోరుజారి ఖాగీనా అన్నాను. "తురకోళ్ల కూర" అంటూ పక్కపిల్ల తన డబ్బా దూరం జరుపుకుంది. వాళ్లింట్లో ఆదివారం వస్తే కోడి కోసేవాళ్లు. ఆ పిల్లకు గుడ్డు అంటు కాదు. గుడ్డుకున్న పేరే అంటు.

పెద్దయ్యాక, పట్నంలో అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు, ఒక ఇంటాయన గదులన్నీ చూపించి, అద్దె చెప్పి, చివర్న పేరు అడిగాడు. చెప్పాను. "మేం గుడ్డు గూడ ముట్టమమ్మా, ఇబ్బందైతది" అన్నాడు. మెట్లు దిగుతుంటే కింది వాటాలోంచి ఆమ్లెట్ వాసన! 2014లో ప్రభుత్వమే జరిపిన సర్వేలో, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదిహేనేళ్లు నిండినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. మరి గుడ్డు ఒక్క మా ఇంటి గుర్తు ఎట్లా అయింది?

ఇవేవీ మా బిడ్డకు చెప్పలేదు. ఒకరోజు అది ఖాళీ డబ్బాతో వచ్చింది. స్నేహితురాళ్లు తలా ఒకటి తీసుకున్నారట. రేపు ఇంకా తెమ్మన్నారట.

"ఏమని చెప్పి పెట్టినవ్?" అన్నాను.

"మఫిన్లని. ఖాగీనా అంటే అదేంది, మీవోళ్లదా అని అడుగుతరు అమ్మీ. మఫిన్ అంటే ఎవ్వరూ అడగరు."

దానికి ఈ తెలివి ఎవరు నేర్పారు? రైల్లో ఎదుటి సీటామె పేరడిగితే నేను సగం పేరు చెప్పి ఊరుకోవడం అది చూడలేదా? నేనే నేర్పాను.

ఓవెన్ లేని మా అమ్మీ ఊరికి పోయాక ఇదే ఇడ్లీ పళ్లేల్లో పోసి 12 నిమిషాలు ఆవిరి మీద పెట్టిందట. చక్కగా ఉడికాయట. ఇడ్లీ గుంటలో పోస్తే ఇడ్లీ, ట్రేలో పోస్తే మఫిన్, మూకుట్లో కలియబెడితే ఖాగీనా. గుడ్డు ఒక్కటే. మొదటి రెండింటినీ ఎవరూ ఏమీ అడగరు. మూడోదానికే సంజాయిషీ. సీమదేశం పేరుకు బడిలో చోటుంది. తరతరాలుగా ఇక్కడే ఉడుకుతున్న పేరుకు లేదు.

మర్నాడు 12 గుడ్లు కొట్టాను. పెద్ద డబ్బా నింపి బిడ్డ చేతికిచ్చాను. "అందరికీ పెట్టు. ఇది మా నానీ ఖాగీనా, అమ్మీ మఫిన్ లెక్క చేసింది అని చెప్పి పెట్టు. అడిగితే అడగనీ" అన్నాను. కాసేపు డబ్బా వంక చూసి తలూపింది.

సాయంత్రం డబ్బాలో రెండు మిగిలున్నాయి. ఎవరు తినలేదో నేను అడగలేదు. అది చెప్పలేదు. చెరొకటి తిన్నాం.

"ఒకామె వాళ్లమ్మ కోసం ఎట్ల చేయాల్నో రాసియ్యమంది. పైన ఏం పేరు రాయాలె అమ్మీ?"

"నీ ఇష్టం" అన్నాను.

నోటుపుస్తకం తెరిచింది. వత్తు 'ఖ'తో మొదలుపెట్టింది.